నేలకూల్చినవాడా బలవంతుడు? జపాను సుమో గోదా నుండి ఒక పాఠం

ఆ రోజు హదీసు తరగతిలో పాఠం హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన సుప్రసిద్ధ ప్రవచనం. ఎదుటివాణ్ణి కుస్తీలో పడగొట్టేవాడు బలశాలి కాడు, ఆగ్రహం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకోగలిగినవాడే అసలైన బలశాలి అని దాని భావం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసులో ‘సురఅ’ అనే అరబీ పదం వస్తుంది. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ పడగొడుతూ పోయే మల్లుడని దాని అర్థం. ఆ పదాన్ని వివరిస్తూ ఉండగా వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు.

"హజ్రత్, మీరు జపాను కుస్తీవాళ్లను చూశారా? ఏనుగు గున్నల్లా ఉంటారు. గోచీ పెట్టుకుని, ఉప్పు చల్లుకుని ఒకరినొకరు తోసుకుంటారు" అన్నాడు.

తరగతి అంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వు రాబోయింది గాని ఆపుకున్నాను. ఒక జాతివారు మరొక జాతివారిని ఎగతాళి చేయరాదని, ఎగతాళికి గురైనవారే వీరికన్నా మేలైనవారు కావచ్చునని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనల్ని హెచ్చరిస్తుంది. ఆ మాటే పిల్లలకు గుర్తు చేసి, "ముందు వారిని గురించి తెలుసుకోండి. నవ్వాలో ఆలోచించాలో తరువాత నిర్ణయించుకోవచ్చు" అన్నాను.

చెప్పడమైతే చెప్పాను గాని, వారిని గురించి నాకు మాత్రం ఏమి తెలుసు? ఆ సాయంకాలమే చదవడం ప్రారంభించాను. కొన్ని నెలలు చదివాక తేలింది ఏమిటంటే, సుమో గోదాలో మనం వద్దనుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి, సిగ్గుపడి నేర్చుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ఆ క్రీడ క్షీణించిన తీరులోనైతే ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక గట్టి హెచ్చరికే ఉంది.

పదమూడు వందల ఏళ్ల గాథ

సుమోను గురించిన ప్రాచీన గాథ ఒకటి క్రీ.శ. 720లో సంకలనమైన ‘నిహోన్ షోకీ’ అనే జపాను చరిత్ర గ్రంథంలో ఉంది. తనను మించిన బలవంతుడు లోకంలో లేడని విర్రవీగే తైమా నో కెహాయా అనే వాడిని చక్రవర్తి ఆజ్ఞపై నోమి నో సుకునే అనే యోధుడు ఎదుర్కొన్నాడట. నాటి పోరులో తన్నులూ ఉండేవి. సుకునే తన్నులకు ఎముకలు విరిగి కెహాయా ప్రాణం విడిచాడట. అంటే సుమో ప్రాచీన గాథే ఒక గర్విష్ఠి పతనగాథ.

తరువాతి శతాబ్దాలలో అది రాజాస్థానపు వేడుకగా మారింది. పంటలు బాగా పండాలని కోరుకునే ఉత్సవాలతోనూ ముడిపడింది. పదహారవ శతాబ్దంలో ఓదా నొబునాగా వంటి సేనానులు దానిని ఆదరించారు. ఎదో యుగంలో ఆలయాల మరమ్మతులకు, వంతెనల నిర్మాణానికి విరాళాలు పోగుచేసే ప్రదర్శనగా అది పట్టణ ప్రజల మధ్యకు వచ్చింది. వృత్తి మల్లులు, వారి శ్రేణులు, శిక్షణాలయాలు ఆ కాలంలోనే రూపు దిద్దుకున్నాయి.

1868 తరువాత పాశ్చాత్య నాగరికతను అనుకరించాలనే ఊపులో, అర్ధనగ్నంగా పోరాడే ఈ ఆట అనాగరికమని చదువుకున్నవారు ఈసడించుకున్నారు. 1884లో మెయిజీ చక్రవర్తి స్వయంగా కూర్చుని పోటీలను తిలకించడంతో దానికి తిరిగి గౌరవం దక్కింది. 1909లో టోక్యోలోని ర్యోగోకు ప్రాంతంలో ‘కొకుగికాన్’ అనే పెద్ద భవనం వెలిసింది. ఆ పేరుకు జాతీయ క్రీడా మందిరమని అర్థం. 1958 నుండి ఏటా ఆరు మహాపోటీలు జరుగుతున్నాయి. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలోనూ, మార్చిలో ఒసాకాలోనూ, జూలైలో నగోయాలోనూ, నవంబరులో ఫుకువోకాలోనూ ఒక్కొక్కటి 15 రోజుల పాటు సాగుతుంది.

గడ్డి మోపుల వలయంలో

సుమో గోదాను ‘దోహ్యో’ అంటారు. బంకమట్టిని దిమ్మిసతో గట్టిపరచి అరుగు కడతారు. వరిగడ్డితో చుట్టిన మోపులను దానిపై వలయంగా పాతుతారు. వలయం వ్యాసం 4.55 మీటర్లు మాత్రమే. నియమం వినడానికి చాలా సులువు. ప్రత్యర్థిని వలయం బయటికి నెట్టాలి, లేదా పాదాలు తప్ప అతని శరీరంలోని మరే భాగమైనా నేలను తాకేలా చేయాలి. పిడికిలితో గుద్దడం, జుట్టు పట్టి లాగడం, కళ్లలో పొడవడం నిషిద్ధం. గెలుపును తెచ్చిపెట్టే పద్ధతులు 82 ఉన్నాయని వారి సంఘం గుర్తించింది. మన కుస్తీలో ఒక్కొక్క పట్టుకు ఒక్కొక్క పేరున్నట్లే వాటికీ పేర్లున్నాయి.

బరువును బట్టి తరగతులు లేకపోవడం ఈ ఆటలోని విశేషం. నూరు కిలోలవాడు రెండు వందల కిలోలవాడితోనైనా తలపడవలసిందే. మల్లులు బరువు పెంచుకోవడానికి కారణమిదే. అగ్రశ్రేణిలో వారి సగటు బరువు 150 కిలోలకు పైమాటే. వారిది చలనం లేని కొవ్వు ముద్ద అనుకుంటే పొరపాటు. అంత బరువుతోనూ కాలిని తల ఎత్తుకు లేపి నేలపై మోపగలరు, రెండు కాళ్లనూ పూర్తిగా చాచి కూర్చుని ఛాతీని నేలకు ఆనించగలరు. అది ఏళ్ల సాధన ఫలితం.

పోరుకు ముందు నాలుగు నిమిషాల వరకు వ్యవధి ఉంటుంది. ఆ సమయంలో మల్లులు గోదాలోకి వస్తారు, ఉప్పు చల్లుతారు, కాళ్లు నేలకు దట్టిస్తారు, వంగి ఎదురెదురుగా చూసుకుంటారు, మళ్లీ లేచి వెనక్కి వెళతారు. పోరు మొదలైతే చాలాసార్లు కొన్ని క్షణాల్లోనే ముగిసిపోతుంది. ఇద్దరి శ్వాస ఒక్కటై, ఇద్దరి చేతులు నేలను తాకినప్పుడే పోరు ఆరంభం. ఈల గాని గంట గాని లేదు. ప్రత్యర్థితో మనసు కుదరనిదే యుద్ధమైనా మొదలు కాదన్నమాట.

ప్రధాన న్యాయనిర్ణేత నడుమున చిన్న బాకు ధరిస్తాడు. తప్పు తీర్పు ఇస్తే ప్రాణమిచ్చేందుకైనా సిద్ధమేనని పూర్వం అది సూచించేది. నేడు అది గుర్తుగానే మిగిలింది. అయినా న్యాయపీఠం ఎంత బరువైనదో అది చూసేవారికి చెబుతూనే ఉంటుంది. అతని తీర్పుపై సందేహం వస్తే గోదా చుట్టూ కూర్చున్న ఐదుగురు పెద్దలు లేచి చర్చిస్తారు. 1969 నుండి వీడియోను కూడా పరిశీలిస్తున్నారు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది పోరు ముగిసిన తరువాతి క్షణం. గెలిచినవాడు గంతులు వేయడు, తొడ చరచడు, కేకలు పెట్టడు. ఇద్దరూ తమ తమ స్థానాలకు వెళ్లి పరస్పరం వంగి, మౌనంగా విడిపోతారు. ఓడినవాడి ముందు సంతోషాన్ని ప్రదర్శించడం అమర్యాద అని వారి భావన. 2009 జనవరిలో మంగోలియా నుండి వచ్చిన మహామల్లుడు అసషోర్యూ టైటిల్ గెలిచిన ఆనందంలో రెండు చేతులూ పైకెత్తినందుకు తీవ్ర విమర్శకు గురయ్యాడు. మరే క్రీడలోనైనా అది సహజంగా కనిపించే దృశ్యం. సుమోలో అది దోషం.

అత్యున్నత స్థానాన్ని ‘యోకొజునా’ అంటారు. దానికి విజయాలొక్కటే చాలవు, ‘హిన్కాకు’ అనగా హుందాతనం కూడా ఉండాలి. యోకొజునా అయినవాణ్ణి ఆ స్థానం నుండి కిందికి దించరు. శక్తి సన్నగిల్లినప్పుడు అతడే తప్పుకోవాలి. ఎక్కినవాడికి మెట్లు దిగే దారి లేదు, మర్యాదగా నిష్క్రమించే దారి ఒక్కటే ఉంది.

వస్తాదు ఇల్లు

సుమో మల్లులు ‘హెయా’ అనే శిక్షణాలయాల్లో గురువు, గురుపత్నిల నీడలో నివసిస్తారు. ‘ఒయకాతా’ అని పిలువబడే గురువు స్వయంగా మాజీ మల్లుడై ఉంటాడు. పూర్వం పదిహేనేళ్లకే, మాధ్యమిక విద్య ముగియగానే పిల్లలు ఇల్లు విడిచి వచ్చి చేరేవారు. తెల్లవారకముందే లేవాలి. పరగడుపున సాధన చేయాలి. తరువాత వంట, ఊడ్పు, పెద్దల సేవ. ముందు పెద్దలు తిన్నాకే చిన్నవారు తినాలి. మాంసం, చేపలు, కూరగాయలు కలిపి పెద్ద కుండలో ఉడికించే ‘చాంకో నబే’ వారి ప్రధానాహారం. భోజనమయ్యాక నిద్ర.

ఆరు శ్రేణులలో పై రెండింటిలో ఉన్న 70 మందికే నెలజీతం. తక్కినవారికి భోజనం, వసతి, కొద్దిపాటి భత్యం మాత్రమే. అట్టడుగు శ్రేణులవారు మంచు కురిసే చలిలోనూ పల్చటి నూలు అంగీతోనే తిరగాలి. వెచ్చని వస్త్రమైనా సరే, శ్రమించి సంపాదించుకోవలసిందే.

ఇది చదువుతున్నప్పుడు మన మదర్సాల వసతిగృహాలే నా కళ్ల ముందు మెదిలాయి. మన తెలుగులో మల్లయోధుణ్ణి ‘వస్తాదు’ అంటారు. అది ‘ఉస్తాద్’ అనే మాట నుండి వచ్చింది. కుస్తీ నేర్పే చోటు ‘తాలింఖానా’. అది ‘తాలీమ్’ అనే మాట నుండి వచ్చింది. ఖుర్ఆన్ నేర్పేవాడు, కుస్తీ నేర్పేవాడు ఇద్దరూ ఉస్తాదులే. ఇద్దరి చేతుల్లోనూ పరాయివారి బిడ్డలుంటారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనిని మళ్లీ ప్రస్తావిస్తాను.

మహా ఇసుక తుఫాను

1992లో ఈజిప్టులో జన్మించిన అబ్దుర్రహ్మాన్ షాలాన్ అనే ముస్లిం యువకుడు సుమోపై మక్కువతో జపాను చేరి, 2012లో వృత్తి మల్లుడయ్యాడు. ఆఫ్రికా ఖండం నుండి ఆ గోదాలో అడుగుపెట్టిన మొదటి వృత్తి మల్లుడు అతడే. అతనికి గురుకులం పెట్టిన పేరు ఓసునారాషి. మహా ఇసుక తుఫాను అని దాని అర్థం.

2013 జూలైలో అతడు జీతం లభించే శ్రేణికి ఎదిగాడు. సరిగ్గా ఆ పోటీల సమయంలోనే పవిత్ర రమజాన్ మాసం వచ్చింది. నగోయాలో అది మండు వేసవి. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం నుండి రాత్రి ఏడు వరకు, దాదాపు 16 గంటల ఉపవాసం. తినడమే వృత్తిలో సగమైన చోట, ఎదుట కుండలో కూర ఉడుకుతుండగా, అతడు నీటి చుక్కయినా ముట్టకుండా బరిలోకి దిగాడు. 15 పోరుల్లో 10 గెలిచాడు. అదే ఏడాది నవంబరులో అగ్రశ్రేణికి చేరాడు. మరుసటి ఏడాది జూలైలో మళ్లీ రమజాన్, మళ్లీ నగోయా. ఈసారి వరుసగా రెండు రోజుల్లో ఇద్దరు యోకొజునాలను, మొదట కకుర్యూను, ఆ మర్నాడు హరుమఫుజీని, ఓడించాడు. సాధారణ శ్రేణివాడు యోకొజునాను ఓడిస్తే దానిని ‘బంగారు నక్షత్రం’ అంటారు. ఉపవాస మాసంలో అతనికి రెండు బంగారు నక్షత్రాలు లభించాయి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. గాయాలు అతణ్ణి వెనక్కి లాగాయి. వృత్తి మల్లులు కారు నడపరాదని సంఘం నియమం. 2018 జనవరిలో అతడు లైసెన్సు లేకుండా కారు నడిపి ప్రమాదంలో చిక్కుకున్న సంగతి బయటపడింది. మార్చిలో అతని సుమో జీవితం ముగిసింది. ఇద్దరు మహామల్లులను పడగొట్టిన దేహాన్ని ఒక చిన్న క్రమశిక్షణా లోపం పడగొట్టింది. ఇది రాయడం అతణ్ణి నిందించడానికి కాదు. ఆకలిని, దప్పికను జయించిన మనిషి కూడా మరొక చోట జారిపోగలడు. మనలో ఎవరికి ఆ భయం లేదు? ఉపవాసం రమజాన్‌తో ముగియరాదని పెద్దలు చెప్పేది ఇందుకే.

మనకు పొసగనివి

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. సుమో కేవలం ఆట కాదు. అది జపాను వారి షింతో మతంతో పెనవేసుకుని ఉంది. పోటీకి ముందు గోదా మధ్యలో ఉప్పు, బియ్యం, ఎండు స్క్విడ్ వంటివి పాతి దేవతలను ఆహ్వానించే తంతు జరుగుతుంది. ఉప్పు చల్లడం శుద్ధి కోసం. యోకొజునా నడుముకు కట్టే తెల్లని తాడు కూడా పవిత్రతకు సంకేతం. అవి వారి విశ్వాసాలు. వాటిని మనం ఎగతాళి చేయము. కాని ఏకేశ్వర విశ్వాసి వాటిలో భాగస్వామి కాజాలడు. రెండవది సత్ర్. పురుషునికి నాభి నుండి మోకాలి వరకు కప్పి ఉంచవలసిన భాగమని మన ధర్మవేత్తలు వివరించారు. ‘మవాషీ’ అనే ఆ గోచీ దానికి సరిపడదు. మూడవది కడుపు. మనిషి నింపే పాత్రల్లో కడుపును మించిన చెడ్డది లేదని, తప్పదనుకుంటే మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు విడిచిపెట్టాలని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీలో ఉంది. మనపై మన దేహానికి కూడా హక్కు ఉందన్నది మరొక ప్రామాణిక హదీసు భావం. అధిక బరువు వల్ల సుమో మల్లులు మోకాళ్ల గాయాలతో, మధుమేహంతో బాధపడడం అందరికీ తెలిసినదే.

ఇంత మాత్రాన కుస్తీ పనికిరానిదని ఎవరూ అనుకోరాదు. దృఢమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే అల్లాహ్‌కు ప్రియమైనవాడని, ఇద్దరిలోనూ మేలు ఉందని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతుంది. ఖురైషు మల్లుడు రుకానాతో దైవప్రవక్త (స) కుస్తీ పట్టి పడగొట్టిన ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. దాని పరంపర అంత దృఢమైనది కాదని ఇమామ్ తిర్మిజీ స్వయంగా పేర్కొన్నారు. అయినా సీరత్ గ్రంథాలలో అది ప్రసిద్ధం. ఉహుద్ యుద్ధ సందర్భంలో రాఫె బిన్ ఖదీజ్ (ర) అనే బాలుణ్ణి సైన్యంలోకి తీసుకున్నప్పుడు, సమురా బిన్ జుందుబ్ (ర) అనే మరో బాలుడు "కుస్తీలో నేనతణ్ణి పడగొట్టగలను" అని విన్నవించుకున్న సంగతీ సీరత్ గ్రంథాలలో ఉంది. ఇద్దరికీ కుస్తీ పెట్టగా సమురా గెలిచి తానూ చోటు సంపాదించుకున్నాడు. మన పిల్లలు ఫోను తెరపై వేలు కదపడమే వ్యాయామమనుకుంటున్న ఈ రోజుల్లో ఆ బాలుణ్ణి గుర్తు చేయడం ఎంతైనా అవసరం.

చెద ఎక్కడ పట్టింది?

1990ల ఆరంభంలో వకనోహనా, తకనోహనా అనే అన్నదమ్ముల పోరులు చూడడానికి జపాను ఉర్రూతలూగింది. 1989 నుండి 1997 వరకు వరుసగా 666 రోజుల పోటీలకు ప్రేక్షక మందిరాలు నిండిపోయాయి. 1992 మార్చి ఒక్క నెలలోనే 160 మంది బాలురు కొత్తగా చేరారు. 1994 మే నాటికి మొత్తం మల్లుల సంఖ్య 943కు చేరింది. అదే శిఖరం. తరువాత అంతా దిగుడే. 2007 జూలైలో చేరడానికి ఒక్క బాలుడు కూడా రాలేదు. ఇటీవలి సంవత్సరాల్లో మల్లుల సంఖ్య 600 దగ్గరికి పడిపోయింది. ఎత్తు 167 సెంటీమీటర్లు, బరువు 67 కిలోలు ఉండాలన్న ప్రవేశ నియమాన్ని కూడా 2023లో సడలించవలసి వచ్చింది.

ఇందుకు కారణాలు అనేకం. జపానులో పిల్లలే తక్కువ పుడుతున్నారు. ఉన్న పిల్లలకు బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఉన్నాయి. పదిహేనేళ్ల బిడ్డ చదువు మాన్పించి, జీతం లేని కఠిన జీవితానికి పంపడానికి తల్లిదండ్రులు ఇష్టపడడం లేదు. ఖాళీ అయిన చోటును విదేశీయులు నింపారు. మొదట హవాయి ద్వీపవాసులు వచ్చారు. వారిలో అకెబోనో 1993లో తొలి విదేశీ యోకొజునా అయ్యాడు. తరువాత మంగోలియావారు వచ్చారు. వారిలో హకుహో 45 టైటిళ్లు గెలిచి రికార్డు నెలకొల్పాడు. 2017లో కిసెనోసాతో యోకొజునా అయ్యేవరకు 19 ఏళ్లపాటు జపానులో పుట్టినవాడెవడూ కొత్తగా ఆ స్థానాన్ని అందుకోలేకపోయాడు.

కాని ఇవన్నీ బయటి కారణాలు. అసలు చెద లోపల పట్టింది. 2010లో కొందరు మల్లులు, గురువులు నేరముఠాల చేతుల్లో నడిచే అక్రమ జూదంలో చిక్కుకున్నారు. ఆ ఏడాది జూలై పోటీల ప్రత్యక్ష ప్రసారాన్ని జపాను ప్రజా ప్రసార సంస్థ నిలిపివేసింది. ఆ జూదంపై విచారణలో స్వాధీనం చేసుకున్న ఫోన్లలో మరొక చీకటి వెలుగుచూసింది. మల్లులు కొందరు ముందే మాట్లాడుకుని గెలుపోటములను అమ్ముకుంటున్నారు! ఫలితంగా 2011 మార్చి పోటీలు రద్దయ్యాయి. 1946 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. జూదాన్ని ఖుర్ఆన్ షైతాను చేష్టగా ఎందుకు అభివర్ణించిందో మన పిల్లలకు వివరించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర లేదు. శతాబ్దాలు కూడబెట్టిన గౌరవాన్ని అది రెండేళ్లలో తినివేసింది.

2018 ఏప్రిల్‌లో మైజురు పట్టణంలో జరిగిన ప్రదర్శనలో, గోదాపై ప్రసంగిస్తున్న ఆ పట్టణ మేయరు హఠాత్తుగా కుప్పకూలాడు. సభలోని మహిళలు పరుగున వెళ్లి ప్రథమ చికిత్స ప్రారంభించారు. స్త్రీలు గోదా ఎక్కరాదన్నది వారి ఆచారం. మహిళలు దిగిపోవాలని మైకులో మళ్లీ మళ్లీ ప్రకటించారు. సంఘం తరువాత క్షమాపణ చెప్పుకుంది. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినవాడితో సమానమని మాయిదా సూరా బోధిస్తుంది. ప్రాణాపాయ వేళ నిషిద్ధాహారం కూడా అనుమతించబడుతుందన్నది మన ధర్మశాస్త్ర సూత్రం. ఆచారం ఎందుకు ఏర్పడిందో మరచి, దాని గుల్లను మాత్రమే పట్టుకుని కూర్చుంటే ఇటువంటి స్థితే వస్తుంది. వారిని అనేముందు మన మహల్లాల్లో అటువంటి గుల్లలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవాలి.

బెత్తం పట్టిన చేయి

నా నిద్ర చెడగొట్టిన సంఘటన మరొకటి ఉంది. 2007 జూన్‌లో ఒక హెయాలో కొత్తగా చేరిన 17 ఏళ్ల కుర్రవాడు ఆ జీవితాన్ని తట్టుకోలేక పారిపోవడానికి ప్రయత్నించాడు. అతనికి బుద్ధి చెప్పాలని గురువు బీరు సీసాతో తలపై కొట్టాడు, శిష్యుల చేత కొట్టించాడు. మరునాడు సాధన పేరుతో మళ్లీ హింసించారు. పిల్లవాడు చనిపోయాడు. సాధనలో సహజంగా పోయాడని నమ్మించాలని చూశారు గాని, కొడుకు దేహంపై గాయాలు చూసిన తల్లిదండ్రులు శవపరీక్షకు పట్టుబట్టారు. నిజం బయటపడింది. గురువుకు జైలుశిక్ష పడింది. ఒక్క బాలుడు కూడా చేరడానికి రాని జూలై నెల, ఆ బాలుడు చనిపోయిన నెల తరువాత వచ్చినదే.

దీనిని చదివిన రాత్రి నాకు ముప్ఫై ఏళ్ల కిందటి సంగతి గుర్తుకొచ్చింది. నేను కొత్తగా బోధనలో అడుగుపెట్టిన రోజులవి. నా చాప పక్కన ఒక బెత్తం ఉండేది. మా ఉస్తాదుల దగ్గర మేము దెబ్బలు తిన్నాము, అందుకే చదువు అబ్బింది, కాబట్టి నేనూ కొట్టాలి అనుకునేవాణ్ణి. హిఫ్జ్ చేస్తున్న ఒక బాలుడు ఒకే ఆయతు దగ్గర మాటిమాటికి తడబడుతున్నాడని అరచేతులు వాచేలా కొట్టాను. మరునాడు ఆ బాలుడు రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు. కొన్నేళ్లకు బజారులో అతని తండ్రి ఎదురయ్యాడు. సలాము చేస్తే జవాబిచ్చాడు గాని, నా ముఖం చూడలేదు. ఖుర్ఆన్‌ను హృదయంలో నింపుకోవడానికి వచ్చిన పిల్లవాడికి నేను ఖుర్ఆన్‌కు బదులు భయాన్ని నేర్పాను. నా వాత అతని చేతిపైనుండి చెరిగిపోయి ఉంటుంది. నా కర్మల చిట్టాలో నుండి చెరిగిందో లేదో అల్లాహ్‌కే తెలుసు.

దైవప్రవక్త (స) వారికి పదేళ్లు సేవ చేసిన హజ్రత్ అనస్ (ర), ఆ పదేళ్లలో ఆయన తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఇదెందుకు చేశావు, అదెందుకు చేయలేదు అని నిలదీయలేదని సాక్ష్యమిచ్చారు. యుద్ధభూమిలో తప్ప ఆయన తన చేతితో స్త్రీని గాని, సేవకుణ్ణి గాని ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఈ హదీసులను నేను ప్రతి ఏటా పాఠంగా చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు బెత్తం నా పక్కనే ఉండేది! కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే బలశాలి అన్న హదీసుకు మొదటి శ్రోత విద్యార్థి కాదు, ఉపాధ్యాయుడు. ఆ బెత్తాన్ని నేను ఎప్పుడో పారవేశాను. కాని ఒక్క పిల్లవాణ్ణి పోగొట్టుకున్నాకే పారవేశాను.

మదర్సాలకు పిల్లలు తగ్గుతున్నారని, కాలం మారిపోయిందని మనం వాపోతూ ఉంటాము. కాలం మారిన మాట నిజమే. కాని సుమోను చూశాక నాకు అర్థమైనదేమంటే, కఠినమైన జీవితాన్ని చూసి తల్లిదండ్రులు అంతగా వెనుకాడరు. తమ బిడ్డ ఎవరి చేతిలో ఉంటాడో ఆ చేతిపై నమ్మకం పోయినప్పుడే వెనుకాడతారు. క్రమశిక్షణ వేరు, కర్కశత్వం వేరు. మొదటిది సంప్రదాయాన్ని నిలబెడుతుంది. రెండవది ఒక్క దెబ్బతో కూలదోస్తుంది.

అజ్బా నేర్పిన పాఠం

సుమో ముగిసిపోలేదు. హింసను అరికట్టడానికి సంఘం కొత్త నియమాలు తెచ్చింది. విశ్వవిద్యాలయాల్లో చదువుకున్న యువకులు ఇప్పుడు గోదాలోకి వస్తున్నారు. వారిలో ఒకడైన ఒనోసాతో 2025లో యోకొజునా అయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో, 34 ఏళ్ల తరువాత, లండన్ నగరంలో సుమో పోటీలు జరిగాయి. ప్రేక్షకులు తిరిగి వస్తున్నారు. కాని గోదాలో దిగే బాలురు మాత్రం ఇంకా పూర్వంలా రావడం లేదు. చూసేవారి చప్పట్లు త్వరగా తిరిగి వస్తాయి, తల్లిదండ్రుల నమ్మకం తిరిగి రావడానికి మాత్రం ఒక తరం పడుతుంది.

దైవప్రవక్త (స) వారి వద్ద అజ్బా అనే ఒంటె ఉండేది. పరుగులో దానిని ఏ ఒంటే మించలేకపోయేది. ఒకనాడు ఒక పల్లెవాసి తన సాధారణ ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. సహాబాకు మనసు కష్టమైంది. అది గమనించిన ప్రవక్త (స), లోకంలో ఏది పైకెదిగినా దానిని కిందికి దించడం అల్లాహ్ హక్కు అని వారికి బోధించారు. బుఖారీలో ఉన్న ఈ ఉదంతంలో నన్ను కదిలించేది, ఓడిన ఒంటె స్వయంగా ప్రవక్త (స) వారిది కావడం. తన ఓటమినే ఆయన పాఠంగా మలిచారు.

మర్నాటి తరగతిలో ఇదంతా పిల్లలకు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మొదట ప్రశ్న వేసిన ఆ విద్యార్థి మాత్రం చాలాసేపు తల దించుకుని కూర్చుని, "హజ్రత్, ఆ అబ్బాయి మళ్లీ మీకు కనిపించలేదా?" అని అడిగాడు. అతడు అడిగింది జపాను బాలుణ్ణి గురించి కాదు, నా బాలుణ్ణి గురించి. నేను జవాబు చెప్పలేకపోయాను.

అల్లాహ్ మన చేతులకు బలాన్ని, ఆ బలానికి దయను, మన ఆగ్రహానికి పగ్గాన్ని ప్రసాదించుగాక. మనకు అప్పగించబడిన బిడ్డల విషయంలో మనల్ని విశ్వసనీయులుగా ఉంచుగాక. ఆమీన్.